కలేజీ ఎవరి రకాబీలో పడుతోంది?

బేగంబజార్ ఛత్రీ దగ్గర మేవా దుకాణాల ముందు ఒక పూట నిలబడి చూడండి. బుర్ఖాల్లో ఆడవాళ్లు వస్తుంటారు. చాలామంది చేతిలో మడతపెట్టిన రిపోర్టు ఉంటుంది. ఉస్మానియా దవాఖానాలో చూపించుకుని, అఫ్జల్‌గంజ్ మీదుగా అట్లే బజారుకు నడిచొస్తారు. ‘భాయ్, ఖూన్ కమ్ హై బోలే డాక్టర్‌సాబ్. క్యా ఖానా?’ అని అడుగుతారు. దుకాణం పిల్లగాడు రిపోర్టు విప్పి చూడడు. చూసినా వాడికేం తెలుస్తుంది పాపం. అంజీర్, మునక్కా, ఖజూర్ తూచి పొట్లం కడతాడు. ‘రోజ్ ఖావో ఖాలా, ఏక్ మహీనే మే గాల్ లాల్ హో జాతే’ అంటాడు. ఖాలా కళ్లలో ఉమ్మీద్ మెరుస్తుంది. పైసలిచ్చి పోతుంది.

నేనూ అట్లా పొట్లాలు కట్టించుకున్నదాన్నే. కట్టించుకోవడం కూడా ఎందుకు, మా ఆయన అక్కడే ఒక హోల్‌సేల్ మేవా దుకాణంలో హిసాబ్-కితాబ్ రాస్తారు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో బాదాం, పిస్తా, అంజీర్‌లకు కొదవ లేదు. చుట్టాలు నవ్వుతూ ‘నీకేమమ్మా, మేవా మీద పడుకుంటావ్’ అనేవాళ్లు. ఆ రోజుల్లోనే నా హిమోగ్లోబిన్ 8.9.

నేను నల్గొండ బిడ్డను. నికాహ్ తర్వాత ఈ గల్లీలకు వచ్చాను. థైరాయిడ్ ఉందని తెలిసి పదకొండేళ్లయింది. రెండో కాన్పు తర్వాత జుట్టు పిడికిళ్లకొద్దీ రాలింది. ఎండాకాలంలో కూడా కాళ్లు చల్లగా ఉండేవి. ఒంట్లో బరువు, మాటలో బద్ధకం, ఫజర్‌కు లేచి వజూ చేసుకోవడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చేది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది, లెవోథైరాక్సిన్ 50 రాసిచ్చారు. అక్కడితో నా కథకు ఒక పేరు దొరికింది. ఆ తర్వాత నాకు ఏం జరిగినా జవాబు ఒకటే. అలసటా? ‘థైరాయిడ్ హై నా ఉస్కో.’ తల తిరిగిందా? థైరాయిడ్. మెట్లెక్కితే దమ్ము వస్తోందా? థైరాయిడ్. నవ్వకపోతే కూడా థైరాయిడే. మా నంద్ అయితే నా ముందే అనేది, ‘భాభీకి థైరాయిడ్ కాదు, సుస్తీ’ అని. సాస్ ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

గోలీ 50 నుంచి 75 అయింది. తర్వాత 100. తర్వాత 125. టీఎస్‌హెచ్ మాత్రం 14 దగ్గరే కూర్చుంది. ‘గోలీ మర్చిపోతున్నారా అమ్మా?’ అని డాక్టరు అడిగితే ‘ఖుదా కసమ్, ఒక్క రోజు నాగా లేదు’ అనేదాన్ని. నిజంగానే లేదు. నమ్మినట్టు కనపడలేదు ఆయన. తప్పు నాదే అన్నట్టు తలొంచుకుని బయటికొచ్చేదాన్ని.

చివరికి ఇంకో చోట ఒక చిన్న వయసు డాక్టరమ్మ వేరే సవాల్ వేసింది. ‘ఎప్పుడు వేసుకుంటున్నారు? ఎట్లా వేసుకుంటున్నారు? పొద్దున లేచినప్పటి నుంచి చెప్పండి.’ చెప్పాను. ఫజర్ నమాజ్ అవుతుంది, స్టౌ మీద చాయ్ పెడతాను, డబ్బాలోంచి థైరాయిడ్ గోలీ, ఖూన్ గోలీ రెండూ అరచేతిలో వేసుకుని చాయ్‌తో మింగుతాను. ఒకేసారి అయిపోతుంది, మర్చిపోయే ఫికర్ ఉండదు. ఆమె పెన్ను కింద పెట్టింది. ‘ఎన్నాళ్లుగా?’ అంది. ఏడాదిన్నర, అన్నాను.

సంగతేమిటంటే ఇనుము గోలీ, థైరాయిడ్ గోలీ కడుపులో కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఆ జోడీ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా పోదు. మింగిన దాంట్లో చాలా భాగం వృథా. ఇది నిన్నా మొన్నా కనిపెట్టిన ముచ్చట కూడా కాదు. 1992లోనే ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. గోలీతో థైరాయిడ్ కుదురుగా ఉన్న 14 మందికి, దాంతోపాటే 12 వారాలు ఇనుము గోలీ కూడా ఇచ్చి చూశారు. వాళ్ల టీఎస్‌హెచ్ సగటున 1.6 నుంచి 5.4కు పోయింది. అందుకే రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల ఫాసలా ఉండాలంటారు. కాల్షియం గోలీకీ ఇదే లెక్క. థైరాయిడ్ గోలీని పరగడుపున, ఉత్త నీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, చాయ్, కాఫీ తాగకూడదు. నా చీటీలో రెండు గోలీల పక్కనా ‘పొద్దున’ అనే రాసి ఉంది. రాసినవాళ్లకు తొందర, చదివేదాన్ని నాకు ఇల్మ్ లేదు. మధ్యలో ఏడాదిన్నర పోయింది.

రెండో వైపు కథ ఇంకా పెద్దది, దాన్ని ఎవరూ చెప్పరు. గొంతులోని థైరాయిడ్ గ్రంథి తన హార్మోన్ తయారుచేసుకోవాలంటే ఒక ఎంజైమ్ కావాలి, ఆ ఎంజైమ్ పనిచేయాలంటే ఇనుము కావాలి. ఒంట్లో ఇనుము ఖాళీ అయితే గ్రంథి కూడా కుంటుతుంది. ఇక థైరాయిడ్ తగ్గితే ఇనుము ఎందుకు తగ్గుతుంది? చాలామంది ఆడవాళ్లకు మహీనా ఎక్కువ రోజులు, ఎక్కువగా అవుతుంది. మన ఇళ్లల్లో ఈ మాట అమ్మకు కూడా చెప్పం, డాక్టరు మగవాడైతే అసలే చెప్పం. ఎనిమిది, పది రోజులు అవుతున్నా ‘అందరికీ ఇంతేనేమో’ అనుకుంటాం. పైగా థైరాయిడ్ మందగిస్తే కడుపులో యాసిడ్ కూడా తగ్గొచ్చు. తిన్నదాంట్లోంచి ఇనుము లాక్కోవాలంటే ఆ యాసిడ్ కావాలి. దాని మీద మనం ఇంకో జుల్మ్ చేస్తాం. బిర్యానీ తిన్న మర్నాడు మొదలుపెట్టిన గ్యాస్ గోలీని మూడేళ్లయినా ఆపం. అది యాసిడ్‌ను తగ్గిస్తుంది, ఇనుముకూ అడ్డం, థైరాయిడ్ గోలీకీ అడ్డం. డాక్టరును అడగకుండా ఏళ్లకేళ్లు వేసుకునేవాళ్లు మా గల్లీలోనే ఎంతమందో.

ఇంకో ముచ్చట చెప్పాలి. నేను రెండు గోలీలనూ విడదీసి వేసుకోవడం మొదలుపెట్టిన నెలన్నరకు గుండె దడ మొదలైంది. చేతులు వణుకుతున్నాయి, రాత్రి నిద్ర లేదు. మా ఆయన భయపడిపోయి నజర్ తగిలిందని దమ్ చేయించుకొచ్చారు. దువా ఎప్పుడూ మంచిదే, కాదనను. అసలు కారణం మాత్రం 125 గోలీ. సగం వృథా అవుతుందని తెలియక పెంచుకుంటూ పోయిన మోతాదు అది, ఇప్పుడు పూర్తిగా ఒంట్లోకి పోతోంది. పరీక్ష చేసి 75కు దించారు. కాబట్టి ఇది చదివి రేపట్నుంచి టైములు మార్చుకునేవాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి. గోలీ పెంచడం, తగ్గించడం మన చేతుల్లో పని కాదు. టైము మాత్రం మన చేతుల్లోదే.

ఇదంతా నా ఒక్కదాని కిస్మత్ అనుకుని ఊరుకునేదాన్నే. కానీ లెక్కలు చూస్తే అట్లా లేదు. దేశంలోని ఎనిమిది పెద్ద షహర్లలో పెద్దవాళ్లకు పరీక్షలు చేసి 2013లో ఒక సర్వే ఫలితాలు ప్రకటించారు. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది. దాదాపు 11 శాతం మందిలో థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోంది, ఆడవాళ్లలో ఎక్కువ. ఇక ఖూన్ సంగతి. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అంతకు ముందు సర్వేలో 56.6. తగ్గకపోగా పెరిగింది. ఈ రెండు లెక్కలు ఒకే ఇంట్లో, ఒకే ఒంట్లో కలిసినప్పుడు ఏమవుతుందో ఎవరైనా ఊహించొచ్చు. అలసట, జుట్టు రాలడం, చలి, మతిమరుపు రెండింటికీ ఉంటాయి. ముందు ఏ పేరు దొరికితే ఆ పేరే ఖాయమవుతుంది, రెండోదాన్ని ఎవరూ వెతకరు.

అందుకే నా రాయ్ సూటిగా చెబుతున్నా. థైరాయిడ్ ఉన్న ప్రతి ఆడమనిషికి హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టిన ఇనుము జమా. హిమోగ్లోబిన్ మన జేబులో పైసలైతే, ఫెరిటిన్ బీరువాలో పైసలు. జేబులో ఉన్నాయి కదా అని బీరువా చూడకుండా ఖర్చుపెట్టే ఇల్లు ఏమవుతుందో బేగంబజార్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఫెరిటిన్ 15 కన్నా తక్కువుంటే జమా ఖాళీ అయినట్టే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చాలామంది డాక్టర్లు 30 లోపు ఉన్నా ఇలాజ్ మొదలుపెడతారు. నాకు 6 వచ్చింది. ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే ఈ నంబరు ఉత్తుత్తిగా పైకి కనపడుతుంది, కాబట్టి కాగితం డాక్టరుకు చూపించాల్సిందే.

హిమోగ్లోబిన్ తక్కువుంది కదా అని పరీక్ష లేకుండా ఇనుము గోలీలు మింగడం కూడా తప్పే. మన ఖాందాన్లలో మామూ బిడ్డ, ఫుప్పూ కొడుకు అని దగ్గరి రిష్తాలు చేసుకుంటాం. తలసీమియా మైనర్ ఉన్నవాళ్లకు కూడా హిమోగ్లోబిన్ తక్కువే చూపిస్తుంది, కానీ వాళ్ల ఒంట్లో ఇనుముకు కొరత ఉండకపోవచ్చు. ఇనుము పోసుకుంటూ పోతే ఫాయిదా లేదు, నుక్సాన్ ఉంది. దానికి హెచ్‌బీఏ2 అని వేరే పరీక్ష ఉంది. మహీనా ఆగిపోయిన పెద్దవాళ్లలో, మగవాళ్లలో ఇనుము తగ్గితే కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. బీ12 కూడా ఒకసారి చూపించుకోవాలి, థైరాయిడ్ వాళ్లలో అది తగ్గడం మామూలే. పైసల ఫికర్ ఉన్నవాళ్లు బస్తీ దవాఖానాకు పోండి. అక్కడ రక్తం తీసి సర్కారు ల్యాబ్‌కు పంపుతారు, థైరాయిడ్ పరీక్ష ఉచితం.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్నా. కొందరికి కోపం రావొచ్చు.

మన దస్తర్‌ఖాన్ మీద గోష్త్ ఉంటుంది. ముసల్మాన్ల ఇంట్లో రక్తహీనత ఎందుకుంటుంది, వీళ్లు మాంసం తింటారు కదా అని బయటివాళ్లు అనుకుంటారు. ఎవరు తింటారో వాళ్లకు తెలియదు. కిలో గోష్త్ వండితే ముందు మగవాళ్లు కూర్చుంటారు, తర్వాత పిల్లలు. సాస్‌కు కొంచెం తీసి పెడతారు. వండినామె కూర్చునే సరికి పతీలాలో శోర్వా, రెండు ఆలూ ముక్కలు, ఒక ఎముక. రోటీ అద్దుకుని తినేసి ‘అల్హమ్దులిల్లాహ్’ అని లేస్తుంది. మా అమ్మీ జిందగీ అంతా అట్లే తిన్నది. ‘నాకు శోర్వానే ఇష్టం’ అనేది. చిన్నప్పుడు నమ్మాను. నేను కూడా అదే మాట నా పిల్లల ముందు అన్నరోజు ఎందుకన్నానో నాకే అర్థమైంది.

కలేజీ సంగతి ఇంకా ఖుల్లాగా కనపడుతుంది. బక్రీద్ రోజు ఖుర్బానీ కాగానే ముందు వండేది కలేజీ. తవా మీద అల్లం-వెల్లుల్లి, మిరియాలు, చివర్లో నిమ్మకాయ. ఆ వాసనకు గల్లీ అంతా లేస్తుంది. ఎవరికి పెడతాం? ఇంటి పెద్దకు, ఖసాయి పక్కన నిలబడ్డ మగపిల్లలకు, ‘తాఖత్ కోసం’ అని దేవర్‌కు. ప్రతి నెలా రక్తం పోగొట్టుకునేది ఎవరు, కాన్పుల్లో పోగొట్టుకునేది ఎవరు, పాలిచ్చేది ఎవరు? భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్ద మగమనిషికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడమనిషికి 29. అంటే ఆమెకు సగం పైన అదనం కావాలి. మన దస్తర్‌ఖాన్ మీద వాటా మాత్రం ఉల్టా.

100 గ్రాముల మేక కలేజీలో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంకె చిన్నదిగానే కనపడుతుంది. కానీ మాంసంలోని ఇనుము ఒంటికి పట్టే తీరు వేరు, ఆకుకూర, పప్పుల్లోని ఇనుముకన్నా చాలా సులువుగా పడుతుంది. పైగా మాంసం పక్కనుంటే పప్పులోని ఇనుము కూడా బాగా పడుతుంది. మన పెద్దవాళ్లకు ఈ సైన్సు తెలియదు గానీ వంట తెలుసు. దాల్చా అంటే ఏమిటి? శనగపప్పు, గోష్త్, చింతపండు. అంబాడే కా గోష్త్ అంటే? గోంగూర, మాంసం, పులుపు. ఖిచిడీ-ఖీమా-ఖట్టా నాష్తా కూడా ఆ హిసాబే. వారానికొకసారి కలేజీ, ఇంకోసారి ఖీమా, రోజూ పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం, ఇది అంజీర్ పొట్లం కన్నా అగ్గువ. ఒక్క హెచ్చరిక, కడుపుతో ఉన్నవాళ్లు కలేజీ తినకూడదు. దాంట్లో విటమిన్ ఏ చాలా ఎక్కువ, బిడ్డకు మంచిది కాదు. వాళ్లకు గోష్త్, గుడ్లు, చేపలు, పప్పు పెట్టండి.

మేవా దుకాణదారుల రోజీకి అడ్డం పడాలని కాదు, మా ఇల్లు గడిచేదే దాని మీద. ఖజూర్ తినండి, సున్నత్ అని తినండి, రుచి కోసం తినండి. 29 మిల్లీగ్రాముల ముందు ఐదారు ఖజూర్‌ల ఇనుము ఎంతని? బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి ఖూన్ అవుతుందనుకోవడం కూడా అంతే, రంగుకూ రక్తానికీ రిష్తా లేదు. బేగంబజార్‌లో ఖూన్ కోసం కొనాల్సింది ఏమన్నా ఉంటే అది బర్తన్ల గల్లీలో ఉంది. లోహే కీ కఢాయి. పూత లేని ఇనుప మూకుడులో ఖట్టీ దాల్, టమాటా కూర లాంటి పుల్లటివి వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. నాన్‌స్టిక్ వచ్చాక అటకెక్కిన మా సాస్ కఢాయిని నేను మళ్లీ దించాను. నల్లబడుతుందని మా బేటీ గొడవ పెట్టింది. పెట్టనీ.

చాయ్ గురించి రాస్తుంటే చేయి ఆగుతోంది, మానలేని ఆదత్ నాది కూడా. భోజనం కాగానే చాయ్, నాష్తాతో చాయ్, మెహమాన్ వస్తే చాయ్. చాయ్‌లోని టానిన్లు ఆ పూట తిన్న ఇనుమును పట్టి బయటికి పంపేస్తాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి ముందు గంట, తర్వాత గంట చాయ్, కాఫీ వద్దని చెప్పింది. ఇరానీ చాయ్ షహర్‌లో కూర్చుని ఈ మాట చెప్పడానికి వాళ్లకు హిమ్మత్ ఉండాలి. నేను మానలేదు, జరిపాను. నాష్తా ఎనిమిదిన్నరకు, చాయ్ పది గంటలకు. మొదటి వారం తల పగిలింది, తర్వాత అలవాటైపోయింది.

థైరాయిడ్ వాళ్లకు మన ఇళ్లల్లో పెట్టే పర్హేజ్‌లు వేరే తమాషా. క్యాబేజీ నక్కో, గోబీ నక్కో, మూలీ నక్కో. బాగా ఉడికించి మామూలుగా తినేంత క్యాబేజీతో గోలీ వేసుకునే మనిషికి ఏమీ కాదు. కూరగాయలు మానిపించి చాయ్ మాత్రం ఆపరు. ఇంకో ఫ్యాషన్, గులాబీ రంగు రాతి ఉప్పు. ‘కుదరతీ నమక్’ అని మామూలు ఉప్పుకు నాలుగింతల ధర పెట్టి కొంటున్నారు. దాంట్లో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశంలో 2006 నుంచి కాయిదా ఉన్నది ఊరికే కాదు. పిల్లలు, కడుపుతో ఉన్న కోడళ్లు ఉన్న ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడండి. అట్లని అయోడిన్ చుక్కలు కొనుక్కుని తాగడమూ వద్దు, ఎక్కువైనా థైరాయిడ్ చెడుతుంది.

హకీమ్‌సాబ్ దగ్గరికి పోయేవాళ్లకు ఒక మాట. షర్బత్-ఎ-ఫౌలాద్ పేరులోనే ఫౌలాద్ ఉంది, ఉక్కు అని. అదీ ఇనుమే. అంగ్రేజీ గోలీ కాదు కదా అని థైరాయిడ్ గోలీ వేసుకున్న వెంటనే చెంచాడు తాగితే జరిగేది అదే తమాషా. నాలుగు గంటలు ఆగాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ గోలీలు తినే పిల్లలు ఇంటికొకరు ఉన్నారు. బయోటిన్ వల్ల థైరాయిడ్ రిపోర్టులో నంబర్లు తారుమారుగా రావొచ్చు, రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి. ఇనుము గోలీతో మలబద్ధకం వస్తోందని మానేసేవాళ్లు చాలామంది. అసలే థైరాయిడ్‌తో ఉన్న తక్లీఫ్ అది, రెండూ కలిస్తే నరకం. డాక్టరును అడిగితే రోజు విడిచి రోజు వేసుకోమంటారేమో. అట్లా వేసుకుంటే ఒక్కో గోలీలోంచి ఇంకా ఎక్కువ ఇనుము పడుతుందని 2017లో ఒక పరిశోధన చూపించింది. నాకు కుదిరింది అదే. ఇసబ్‌గోల్ తాగితే దాన్నీ థైరాయిడ్ గోలీకి దూరంగా తాగండి. మలం నల్లగా వస్తే గాబరా పడొద్దు, ఇనుము రంగు అది.

రంజాన్‌లో ఏం చేయాలని చాలామంది బెహన్లు అడుగుతారు. సహరీకి అందరికన్నా ముందు లేచేది మనమే కదా. లేవగానే, పొయ్యి వెలిగించక ముందే, నీళ్లతో థైరాయిడ్ గోలీ వేసుకోండి. రోటీలు కాల్చి, తహజ్జుద్ చదువుకుని, అందర్నీ లేపేసరికి ముప్పావుగంట ఎట్లాగూ అవుతుంది. అప్పుడు తినండి. వంటింటి చాకిరీలో మనకు దొరికిన ఒకే ఒక ఫాయిదా ఇది! ఇనుము గోలీ ఇఫ్తార్ తర్వాత, మగ్రిబ్ చదువుకుని తిన్నాక, నిమ్మకాయ నీళ్లతో. రోజా తనే మధ్యలో పన్నెండు గంటల పైన ఫాసలా పెట్టేస్తుంది. చాయ్ ఇంకో గంట తర్వాత. సహరీకి కుదరనివాళ్లు రాత్రి పడుకునే ముందు థైరాయిడ్ గోలీ వేసుకోవచ్చు, కానీ కడుపులో మూడు గంటలుగా ఏమీ పడి ఉండకూడదు. తరావీహ్ తర్వాత హలీమ్ తెప్పించే ఇళ్లల్లో ఇది నడవదు, నాకు తెలుసు. రంజాన్‌కు ముందే ఒకసారి డాక్టరుతో మాట్లాడి టైము ఖాయం చేసుకోండి. హిమోగ్లోబిన్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతున్నవాళ్లకు రుఖ్సత్ ఉంది. ఆ రుఖ్సత్ ఇచ్చింది అల్లాహ్, దాన్ని కోడలి దగ్గర గుంజుకునే హక్ సాస్‌కు లేదు.

కడుపుతో ఉన్న అమ్మాయిలకు మూడు గోలీలు, థైరాయిడ్, ఇనుము, కాల్షియం. మా జేఠానీ కోడలికి ముగ్గురూ ఒకే కాగితంలో చుట్టి ఇస్తుంటే చూశాను. థైరాయిడ్ పొద్దున లేవగానే, ఇనుము మధ్యాహ్నం భోజనం దగ్గర, కాల్షియం రాత్రి తిన్నాక అని డబ్బా మీద ఉర్దూలో రాసి అంటించాను. కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ గోలీ మోతాదు పెంచాల్సి వస్తుంది, బిడ్డ దిమాగ్ ఎదగడానికి మొదటి నెలల్లో తల్లి హార్మోనే ఆధారం. నెల తప్పిందని తెలియగానే పరీక్ష చేయించాలి, ఏడో నెల గోద్ భరాయి దాకా ఆగకూడదు.

అన్నిటికన్నా నన్ను నిద్రపోనివ్వని ముచ్చట ఇంకొకటి. మా గల్లీలో ఒక అమ్మాయి ఉంది, ఇరవై ఒకటి. డిగ్రీ అయింది, రిష్తాలు చూస్తున్నారు. గోలీ డబ్బాను మసాలా డబ్బాల వెనకాల దాచి, ఇంట్లో మెహమాన్ ఉన్న రోజు వేసుకోదు. ‘లడ్కీ కో బీమారీ హై’ అనే మాట బయటికి పోతుందని తల్లి భయం. ఆ తల్లిని నేను తిట్టలేను, ఆ భయం ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసు. రిష్తా చూడటానికి వచ్చేవాళ్లలో మనమూ ఉంటాం కదా! రోజుకొక గోలీ, మూడు నాలుగు నెలలకొక పరీక్ష, కుదిరాక ఏడాదికొకటి, ఇంతే ఈ మర్జ్. పిల్లలు పుడతారు, వంట చేస్తుంది, నౌకరీ చేస్తుంది, నవ్వుతుంది. అబ్బాయికి బీపీ ఉందా అని ఎవరూ అడగరు. అమ్మాయి గొంతు వైపు మాత్రం చూస్తారు. పోయిన నెల ఆ అమ్మాయి ఫెరిటిన్ కూడా చేయించాం, 9. గోలీలు ఇప్పుడు మా ఇంట్లో పెట్టుకుని, కాలేజీలో సర్టిఫికెట్ పని అని చెప్పి వచ్చి వేసుకుని పోతోంది. ఇది ఇలాజ్ కాదు, జుగాడ్. నాకు తెలుసు.

నా ఫెరిటిన్ ఇప్పుడు 41. జుట్టు పూర్తిగా రాలేదు, వయసు కూడా ఉంది కదా. మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతున్నా. మా సాస్‌కు కూడా పరీక్ష చేయించాను, ఆమెదీ తక్కువే వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి రిపోర్టు చేతిలో పట్టుకుని ‘మేరే కో భీ?’ అని చాలాసేపు చూసింది. ఈ వయసులో ఎందుకు తగ్గిందో కడుపు పరీక్షలు చేయిస్తున్నాం.

ఈ బక్రీద్‌కు కలేజీ తవా దించగానే మొదటి రకాబీ సాస్‌కు పెట్టాను, రెండోది మా బేటీకి, మూడోది ఆ అమ్మాయికి పంపించి, నాలుగోది నేను తీసుకుని నేలమీద బాసీపట్లు వేసుకుని కూర్చున్నా. మా దేవర్ లోపలికి వచ్చి తవా చూశాడు, నన్ను చూశాడు. ‘భాభీ, మేరా?’ అన్నాడు.

‘శోర్వా హై నా’ అన్నాను.